రెండేళ్లు ముందు నడిచిన కౌకబ్

మా ఊళ్లో చచ్చిపోయిన పిల్ల ఒకతె పదేళ్లపాటు తన ఇంటిని పోషించింది. నెలనెలా, ఒక్క నెల కూడా నాగా పెట్టకుండా, తండ్రికి దగ్గు మందు, తల్లికి పిండి బస్తా, చెల్లెళ్లకి బడి పుస్తకాలు తెచ్చిపెట్టింది.

సరే, కాస్త తగ్గిస్తాను. పదేళ్లు కాదు, ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. పోషించడమంటే మూడు పూటలా కాదు. పిండి, ఎర్రపప్పు, బూట్లు, ఒకసారి పుచ్చిపోయిన పన్ను పీకించడం, అంతవరకే. ఆ డబ్బు ఇచ్చింది కూడా పిల్ల కాదు, ప్రభుత్వం. కానీ ఏ పేరున, ఏ పుట్టిన తేదీ మీద ఆ డబ్బు వచ్చిందో, ఆ పిల్ల మాత్రం మా ఊరి వెనక గుట్ట కింద, మట్టి గుమ్మటాల వరుసలో పడుకుని ఉంది. ఈ ముక్క మాత్రం తగ్గించను.

నేను నదికి అవతలి ఒడ్డున, మిన్యా పట్నంలో, సిస్టర్ల బడిలో చదువుకున్నాను. అక్కడ అబద్ధానికి అరచేతి మీద నాలుగు దెబ్బలు, సగం నిజానికి రెండు. రోజుకి రెండు దెబ్బలు తట్టుకోగలనని మొదటి ఏడాదిలోనే తెలిసింది. అప్పటినుంచి నా మాటల్లో సగం నిజం తప్పకుండా ఉంటుంది. ఇన్సాఫ్ సంగతిలో సగం కంటే ఎక్కువే ఉంది.

ఇన్సాఫ్ మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటుంది. నలభై దాటిన మనిషి, పొడగరి, మాట తక్కువ. నిండు గ్యాసు బండ నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి నడిచేది. భర్త ఖలఫ్ తెల్లరాయి క్వారీలో రంపం మీద పని చేసేవాడు. మా తూర్పు ఒడ్డున మగవాళ్లందరిదీ అదే పని. సాయంత్రం బండి దిగేసరికి తలా, కనురెప్పలూ, పెదాలూ అన్నీ తెల్లగా అయిపోయి, సమాధిలోంచి లేచొచ్చిన వాళ్లలా ఉంటారు. ఇక్కడి పిల్లలు తండ్రిని ముఖం చూసి గుర్తుపట్టరు, దగ్గు విని గుర్తుపడతారు. ఖలఫ్ ముస్లిం, నేను క్రైస్తవుణ్ణి. దుమ్ము మాత్రం ఇద్దరికీ ఒకటే.

వాళ్లకి మొదట పుట్టింది కౌకబ్. తొలి బిడ్డ కదా, ఖలఫ్ కూలి పోగొట్టుకుని మరీ బల్లకట్టు ఎక్కి నది దాటి, పుట్టిన కాగితం రాయించుకుని వచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రేకు పెట్టెలో పెట్టారు. ఆ పెట్టెలో ఇంకేమీ ఉండేది కాదు.

పిల్లకి పదిహేడు నెలలప్పుడు, మంచి ఎండల్లో, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. అప్పటికి క్వారీ మూతబడి ఆరు వారాలు. ఇంట్లో ఉన్నది ఉప్పు జున్ను కుండ అడుగు, నాలుగు ఎండు రొట్టెలు. ఇన్సాఫ్ బియ్యం ఉడికించిన నీళ్లు పట్టింది. ఆ బియ్యం కూడా మా ఇంటివే. మూడు రోజులు గడిచాయి. డాక్టరు ఫీజు, మందులు, బల్లకట్టు ఛార్జీ, వీటన్నిటికీ అప్పు పుట్టేసరికి నాలుగో రోజు మధ్యాహ్నమైంది. పిల్లని నల్ల శాలువాలో చుట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. సరిగ్గా నది నడిమధ్యకి వచ్చేసరికి ఇన్సాఫ్ శాలువా అంచు తీసి చూసి, మళ్లీ కప్పేసింది. బల్లకట్టు నడిపే నౌఫల్ ఆ కప్పడం చూశాడు. ఇంజను ఆపేశాడు.

"ఖలఫ్ అన్నా, ఇప్పుడు ఏ ఒడ్డుకి?" అని అడిగాడు.

ఖలఫ్ వెనక్కి చెయ్యి చూపించాడు.

అవతలి ఒడ్డున డాక్టరుంటాడు, చావులు రాసుకునే ఆఫీసు కూడా అక్కడే ఉంటుంది. వెనక్కి తిరిగారు కాబట్టి ఆ చావు ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు. పొద్దు గూకక ముందే పిల్లని ఖలఫ్ వాళ్ల గుమ్మటం కింద పెట్టేశారు.

ఆడవాళ్లు ఏడవడానికి చేరారు. అత్త హమీదా గుమ్మంలో అడ్డం నిలబడింది. ఇన్సాఫ్‌కి అప్పటికి రెండో నెల. కడుపులో ఉన్నది ఏడుపు వింటే జడుసుకుంటుందనీ, పేరు ఎక్కడికీ పోలేదనీ, అదే తిరిగి వస్తోందనీ చెప్పి అందర్నీ పంపించేసింది. చాప పరవలేదు, చక్కెర లేని కాఫీ కాయలేదు, ఎవరూ నల్లబట్ట కట్టలేదు. ఇన్సాఫ్ ఆ సాయంత్రం లేచి పిండి కలిపింది.

జనవరిలో మళ్లీ ఆడపిల్లే పుట్టింది. కౌకబ్ అని పిలిచారు. కొత్త కాగితం కోసం నది దాటడం దేనికి? పెట్టెలో కాగితం ఉంది, పేరు అదే, తల్లీ తండ్రీ అదే, నెల కూడా అదే. తేడా అల్లా రెండేళ్లు. నమ్ముతారో లేదో, మా ఊళ్లో మూడిళ్లకొకటి ఇలాంటి కాగితం ఉంటుంది. అబూ దైఫ్ అనే ఆయన చచ్చిపోయిన అన్న కాగితంతో మీసం మొలవకముందే సైన్యంలోకి వెళ్లాడు. ఇప్పుడు పింఛను కూడా అందరికంటే మూడేళ్లు ముందే పుచ్చుకుంటున్నాడు. అన్న కోసం ప్రతి శుక్రవారం దుఆ చేస్తాడు. చెయ్యడా మరి.

ఖలఫ్ నన్ను అడిగాడు. ఊళ్లో అర్జీలు రాసేది నేనే కదా. కొత్తది రాయించాలా బాబాయ్ అంటే, "కాగితానికి కళ్లున్నాయా ఏం" అన్నాను. ఆ మాట అన్నది నేనే. సగం కాదు, పూర్తి నిజం.

ఆ తర్వాత నవాల్ పుట్టింది. నవాల్ చంకలో ఉండగానే రంపం ఖలఫ్ కుడి చేతిని మోచెయ్యి వరకూ తీసుకుపోయింది. క్వారీ యజమాని పదిహేను రోజుల కూలి చేతిలో పెట్టి, ఎడమ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి ఇన్సాఫ్ క్వారీ కూలీల కోసం రొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది. రోజుకి రెండొందల రొట్టెలు కాల్చేది, ఇంట్లో మాత్రం లెక్కపెట్టి పెట్టేది. మాంసం బక్రీదుకే, అదీ ఎవరైనా పంపితే. కౌకబ్‌ని బడిలో వెయ్యమని కాగితం లెక్కన ఆరేళ్లకే చీటీ వచ్చింది. పిల్లకి నిజానికి నాలుగు. బలహీనంగా ఉందని రెండేళ్లు వాయిదా వేసి, నిజం ఆరుకి వేశారు.

అప్పుడు వచ్చింది పిల్లల డబ్బు. పేద ఇళ్లలో ఇంటికి ఇద్దరు పిల్లల చొప్పున, వాళ్లకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా, తల్లి పేరున కార్డు. పిల్లలు బడి మానకూడదు, ఆరోగ్య కేంద్రంలో ఎత్తూ బరువూ చూపించుకోవాలి. సుహైర్ అనే అమ్మాయి పట్నం నుంచి వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుని కాగితాలు చూసింది. అయిదుగురు పిల్లలున్న ఇళ్లలో గొడవలే గొడవలు. "నేను డబ్బు పిల్లని, నువ్వు ఊరికే పిల్లవి" అని వీధిలో దెప్పుకునేవాళ్లు. ఇన్సాఫ్‌కి ఆ బాధ లేదు, ఇద్దరే కదా. ప్లాస్టిక్ సంచి విప్పి కాగితం ఇచ్చింది. సుహైర్ పైకి చదివింది: కౌకబ్ ఖలఫ్, తొమ్మిదేళ్లు. ఇన్సాఫ్ చటుక్కున గుమ్మం వైపు చూసింది, తొమ్మిదేళ్ల పిల్ల ఎవరో లోపలికి వస్తున్నట్టు. గుమ్మంలో ఎవరూ లేరు. ఏడేళ్ల కౌకబ్ నా పక్కనే కూర్చుని ముక్కు చీదుతోంది.

ఆ డబ్బు ఏం చేసిందో కళ్లారా చూసినవాణ్ణి, తక్కువ చేసి చెప్పను. ఆ చలికాలం మా సందులో బూట్లు లేక బడి మానిన పిల్ల ఒక్కతీ లేదు. ఖలఫ్ రాత్రిళ్లు దగ్గకుండా పడుకున్నాడు. నెలకోసారి గురువారం నాడు వాళ్లింట్లోంచి ములూఖియా ఆకులో ఉడికే మాంసం వాసన వచ్చేది. దానికోసం నేను అదే పూట అదే గుమ్మం ముందునుంచి రెండుసార్లు నడిచేవాణ్ణి. మూడోసారి నడిస్తే ఇన్సాఫ్ గిన్నె పంపేది.

మొదటి నెల డబ్బుతో ఆమె మూడు జతల బడి బూట్లు కొంది. నవాల్‌కి ఒకటి, కౌకబ్‌కి ఒకటి. మూడోది ఎవరి కాలికీ సరిపోదు, తొమ్మిదేళ్ల పిల్ల కొలత. దాన్ని రేకు పెట్టెలో పెట్టింది. మరుసటేడు పదేళ్ల కొలత, ఆ పై ఏడు పదకొండేళ్ల కొలత. పేద ఇల్లు, ఏదీ వృథా పోకూడదు కాబట్టి రెండేళ్లయ్యాక ఆ జత కౌకబ్‌కి వచ్చేది. ఆ రకంగా ఆ పిల్ల, డబ్బు మొదలైన మూడో ఏటినుంచీ, ఎప్పుడూ వేరొకరి బూట్లలోనే నడిచింది. పెట్టెలోంచి తీసినప్పుడే అడుగున తెల్ల దుమ్ము ఉండేదనీ, మడమ దగ్గర అరిగి ఉండేదనీ నాకు చెప్పింది. నేను కూడా ఒక జత చూశాను. దుమ్ము ఉంది. మా ఊళ్లో ఉప్పు డబ్బాలో కూడా దుమ్ము ఉంటుంది, కాదనను. అరుగుదల సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు కౌకబ్‌ని గోడకి నిలబెట్టి కొలిచింది. కాగితం చూసింది, మళ్లీ కొలిచింది. తొమ్మిదేళ్ల పిల్లకి ఏడేళ్ల ఎత్తు. అందరి ముందూ ఇన్సాఫ్ మీద విరుచుకుపడింది. ప్రభుత్వం డబ్బు తీసుకుంటూ పిల్ల కడుపు మాడుస్తావా, నువ్వు తల్లివేనా అంది.

"ఈ పిల్లకి తిండి పెట్టలేదా నువ్వు?" అని గట్టిగా అడిగింది.

"పెట్టలేదమ్మా," అంది ఇన్సాఫ్.

నేను వరసలో వెనకే ఉన్నాను, రక్తపోటు చూపించుకోవడానికి. ఆ జవాబు ఎవరి గురించో నర్సుకి తెలియదు. నాకు తెలుసు కాబట్టి, ఆ రోజు రక్తపోటు చూపించుకోకుండానే వచ్చేశాను.

కొన్నాళ్లకి ఇన్సాఫ్ నా అరుగు దగ్గర ఆగింది. నెత్తి మీద రొట్టెల తట్ట దించలేదు.

"బిషారా బాబాయ్, ఈ డబ్బు ఏ కౌకబ్‌ది?"

ప్రభుత్వానికి ఒక్క కౌకబే తెలుసు తల్లీ అన్నాను.

"నేనూ అదే అడుగుతున్నాను. ఏ ఒక్కతె?"

నేను మాట మార్చబోయాను. ఆమె వినలేదు. ఒక్క నెల డబ్బులో పావు వంతు ఆ ఎండాకాలం చేతిలో ఉంటే మొదటి రోజే నది దాటేవాళ్లమని, ఆ పిల్ల ఇప్పుడు అయిదో తరగతి చదువుతూ ఉండేదని చెప్పింది. తన ప్రాణం నిలబెట్టగలిగిన డబ్బు తను పోయాక తన పేరునే వస్తుంటే, దాంతో మేమంతా మాంసం తింటున్నాం అంది. ఏడవలేదు. ఏడుపు ఎలా ఉంటుందో మరిచిపోయినట్టు ముఖం ఒకసారి బిగుసుకుని వదులైంది. తట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో ఏం జరిగేదో కౌకబ్ నాకు అప్పుడప్పుడు చెప్పేది, లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చినప్పుడు. "తాతా, మా అమ్మ నాతో మాట్లాడుతూ నన్ను చూడదు. నా తలకి జానెడు పైన చూస్తుంది," అంది ఒకరోజు. అక్కడ ఏముంది అని అడిగాను. "రెండేళ్లు పెద్దయితే నా కళ్లు అక్కడ ఉంటాయి," అంది. అప్పటికి దానికి పన్నెండేళ్లు. గురువారాలు ఇన్సాఫ్ గుమ్మటాల దగ్గరికి రొట్టెలు తీసుకెళ్లి అక్కడి పిల్లలకి పంచేది, మా వైపు చనిపోయినవాళ్ల పేరున అలా పంచుతారు. ఎంతమందికి ఇచ్చినా తట్టలో అడుగు రొట్టె మాత్రం ఎవరో తనకంటే ముందే తీసుకునేవారని ఆమె అత్తతో చెప్పిందట. గుమ్మటాల దగ్గర కుక్కలున్నాయి. కుక్కలే అనుకుందాం.

ఏళ్లు గడిచాయి. అత్త హమీదా పోయింది. కౌకబ్ నది అవతల సెకండరీ బడిలో చేరింది. ఆరోగ్య కేంద్రంలో పిల్లల్ని కొలిచే ఉద్యోగం కావాలని పట్టుదల. నేనైతే కొలిచే ముందు వయసు అడుగుతాను, కాగితం అడగను అనేది. పరీక్షలకి ఇంకా రెండేళ్లు ఉంది.

ఆ జనవరిలో కార్డు మీద సగం డబ్బే పడింది. కాగితం మీది కౌకబ్‌కి పద్దెనిమిది నిండాయి. గుట్ట కింది పిల్ల పెద్దదైపోయి తన వాటా ముగించుకుంది. ఇంట్లో ఉన్న పిల్లకి పదహారు.

వారం తిరక్కుండా సంబంధం వచ్చింది. క్వారీలో జనరేటరు నడిపే మహ్రూస్, ముప్ఫై ఏళ్ల మనిషి. చెడ్డవాడని చెప్పలేను, జనరేటరుతో కూడా మర్యాదగా మాట్లాడతాడు. తల్లి తఫీదా గడుసుది. కాగితం ప్రకారం పిల్లకి పద్దెనిమిది నిండాయి, చట్టం అడ్డు రాదు, ఎందుకు ఆగడం అంది. ఖలఫ్ నా దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. రెండు చేతులుంటే తానూ వద్దనేవాణ్ణని, సగం డబ్బుతో ఇద్దరు పిల్లల బడీ బల్లకట్టూ గడవదని, ఒకతె అయినా కడుపు నిండా తింటుందని అన్నాడు. వచ్చే శుక్రవారం ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకోవాలని అనుకున్నారు. కౌకబ్ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నా దగ్గరున్న లెక్కల పుస్తకం వెనక్కి తీసుకుపోయింది. ఏడుపు కంటే దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మంగళవారం పొద్దున్నే ఇన్సాఫ్ వచ్చింది. "బాబాయ్, అర్జీ రాయాలి. నా కూతురు కౌకబ్ చచ్చిపోయిందని."

కూర్చోబెట్టి అంతా చెప్పాను. పెద్దదాని చావు ఇప్పుడు రాయిస్తే, బతికున్నదానికి కాగితం ఉండదు. డాక్టర్లు కూర్చుని పళ్లూ ఎముకలూ చూసి వయసు కట్టి కొత్త కాగితం ఇస్తారు. పదహారు అని రాస్తే పెళ్లి ఆగుతుంది, రెండేళ్లు డబ్బు కూడా రావచ్చు. కానీ ఇన్నాళ్ల బడి సర్టిఫికెట్లన్నీ చనిపోయినదాని నంబరు మీద ఉన్నాయి, అవి ఏమవుతాయో తెలియదు. ఎనిమిదేళ్ల డబ్బు ఏమైందని అడుగుతారు. నవాల్ వాటా కూడా ఆపెయ్యచ్చు. ఆమె అన్నీ విని, రాయి బాబాయ్ అంది. రాశాను. నా జన్మలో రాసిన అర్జీలన్నిటిలో అదే చిన్నది.

ఇద్దరం బల్లకట్టు ఎక్కాం. నడి నదిలో ఆమె కళ్లు మూసుకుంది. నౌఫల్ ముసలివాడయ్యాడు, అయినా అక్కడికి రాగానే అతని చెయ్యి ఇంజను మీదికి పోయింది. ఆపలేదు.

ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా అర్జీ చదివి, కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఎవరమ్మా చచ్చిపోయింది?"

ఇన్సాఫ్ నోరు తెరిచింది. మాట రాలేదు. గుమాస్తా మళ్లీ అడిగాడు. మళ్లీ తెరిచింది, గాలి వచ్చింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. పేరు చెప్పమ్మా, నోటితో చెప్పాలి, అప్పుడే రాసుకుంటాను అన్నాడతను, కాస్త మెత్తగానే. అప్పుడు నాకు తట్టింది. పదహారేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు. అననివ్వలేదు. నేనూ అననివ్వని వాళ్లలో ఒకణ్ణే.

కిటికీలోకి చెయ్యి పెట్టి అర్జీ వెనక్కి తీసుకుంది.

"ఇంటి దగ్గర చెబుతాను," అంది.

నేను మాత్రం ఓడిపోయామనే అనుకున్నాను.

శుక్రవారం నమాజు అయ్యాక తఫీదా నలుగురు ఆడవాళ్లని వెంటేసుకుని, షర్బత్ సీసాలూ చక్కెర దిమ్మా పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. సందు మొదట్లోంచే నాలుకలాడిస్తూ పెళ్లి కూతలు కూసుకుంటూ వచ్చారు. గుమ్మం దగ్గర ఆ కూత ఆగిపోయింది. వాకిట్లో చాప పరిచి ఉంది. అద్దం గోడవైపు తిప్పి ఉంది. ఇన్సాఫ్ నల్లబట్టలో, నుదుటన మట్టి పూసుకుని, చాప మధ్యలో కూర్చుని ఉంది. మా సందు ఆడవాళ్లు పది మంది అప్పటికే గోడవార చేరి, ఏమిటో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నేను మగవాళ్లతో బయట బెంచీ మీద ఉన్నాను, తలుపు తెరిచే ఉంది.

తఫీదా పళ్లెం దించకుండానే ఎవరు పోయారని అడిగింది.

"నా పెద్ద కూతురు," అంది ఇన్సాఫ్. "కౌకబ్."

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి కౌకబ్ పళ్లెంలో కాఫీలు తీసుకుని వచ్చింది. చక్కెర లేని కాఫీ. ముందుగా తఫీదాకే ఇచ్చింది. తఫీదా కప్పు అందుకుని, ఇచ్చిన చేతిని చూసింది, ముఖాన్ని చూసింది, మళ్లీ చాప మీద మనిషిని చూసింది. తాగకుండా కప్పు కింద పెట్టడం మా దగ్గర తప్పు. ఒక్క గుక్కలో తాగేసింది. నాలుక కాలే ఉంటుంది.

అప్పుడు ఇన్సాఫ్ ఏడ్చింది.

ఆ ఏడుపుకి గుట్ట మీద క్వారీ రంపాలన్నీ ఆగిపోయాయి. శుక్రవారం రంపాలు ఎలాగూ తిరగవు, అది వేరే మాట. కానీ ఆ నిశ్శబ్దం శుక్రవారం నిశ్శబ్దం కాదు. పిల్ల పేరు పెట్టి ఏడ్చింది, పదిహేడు నెలల పాదం ఎంతుండేదో చెప్పి ఏడ్చింది, నడి నదిలో శాలువా అంచు తీసిన సంగతి చెప్పింది. ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత అబూ దైఫ్ అక్క, డెబ్భై ఏళ్ల మనిషి, చాప మీదికి జరిగి సలామా అని ఏడ్చింది. సలామా ఎవరో మాలో ఎవరికీ తెలియదు. ఆవిడ పక్కనున్న ఆమె ఫర్హానా అంది. మూలనుంచి ఇంకొకామె షౌకీ అంది. మూడిళ్లకొక కాగితం అన్నానే, ఆ కాగితాల అసలు మనుషులందరూ ఒక్కొక్కరే ఆ వాకిట్లోకి వచ్చారు. పదకొండు పేర్ల వరకూ లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పాను. వాకిలి చిన్నది. అందరూ ఎలా పట్టారో తెలియదు.

పడుచుపిల్ల పోయిన ఇంట్లో మా దగ్గర రెండేళ్లు నలుపు. రెండేళ్లు పెళ్లి మాట ఎత్తరు, షర్బత్ గడప దాటదు. తఫీదాకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయింది పదిహేడు నెలల పిల్ల కదా అని వాదించచ్చు. కానీ కాగితం ప్రకారం పిల్లకి పద్దెనిమిది నిండాయని అన్నది తనే.

ఖలఫ్ బయట మా పక్కన నిలబడి ఉన్నాడు. లోపల ఏం జరగబోతోందో అతనికి ముందు తెలియదని ఒట్టు వేసి చెబుతున్నాను. చాలాసేపు తలుపు వైపు చూశాడు. తర్వాత వచ్చి, చావు జరిగిన ఇంటి మగవాడు కూర్చునే చోట, బెంచీ చివర కూర్చుని ఎడమ చెయ్యి చాచాడు. మొదట నేను ఆ చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పాను. తర్వాత నౌఫల్, తర్వాత వరసగా అందరూ. మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన మహ్రూస్ మేనమామ కూడా పట్టుకోక తప్పలేదు.

"రెండేళ్లు ఆగాలి," అని అతనితో ఖలఫ్ అన్నాడు.

మహ్రూస్ ఆగలేదు. వేసవికల్లా పై ఊరి పిల్లని చేసుకున్నాడు. సుఖంగానే ఉన్నారు.

ఆ ఇంటికి మాత్రం ఇప్పుడు నవాల్ వాటా ఒక్కటే వస్తోంది. గురువారం మాంసం వాసన లేదు. ఇన్సాఫ్ రోజుకి మూడొందల రొట్టెలు కాలుస్తోంది. ఖలఫ్ మళ్లీ దగ్గుతున్నాడు. కౌకబ్ లెక్కల పుస్తకం తిరిగి తెచ్చింది. బల్లకట్టుకి డబ్బు లేని రోజు నౌఫల్ అటువైపు చూడకుండానే ఎక్కించుకుంటాడు. ఈ ఏడు చివరి పరీక్షలు. గుట్ట కింద పిల్ల కాగితం మీద పెరుగుతూనే ఉంటుంది, దానికి ఇరవై నిండాయి. ఏదో ఒక రోజు దానికి పెళ్లీడు దాటిపోయిందంటారు, ఉద్యోగానికి వయసు మించిపోయిందంటారు. అప్పుడేం చేస్తారో నాకు తెలియదు.

పొరుగింటి మనిషి గురించి చెప్పకుండా రాయడం మర్యాద కాదు కాబట్టి ఇదంతా ఇన్సాఫ్‌కి చదివి వినిపించాను. ఆమె పిండి పిసుకుతోంది. చివరిదాకా విని, చేతులు దులుపుకుంది. బల్లకట్టు మీద ఏమీ జరగలేదట. తను ఏ ఆఫీసుకీ వెళ్లలేదట. ఆ శుక్రవారం చాప పరిచింది అత్త హమీదా కోసమట. హమీదా పోయి అప్పటికి మూడేళ్లు. నేను ఆ మాట అనలేదు.

"ఈ ముసలాయనకి ఎండదెబ్బ తగిలింది. నాకు ఇద్దరే కూతుళ్లు. పెద్దది కౌకబ్, చిన్నది నవాల్, ఇద్దరూ బడికి వెళ్తున్నారు. మూడోది ఎప్పుడూ లేదు. నా కడుపున పుట్టినవాళ్లెవరూ చావలేదు. రాసుకో."